ఈనెల సబ్బు

మా టీచరమ్మ గారు పోయారు. కబురు తెచ్చిన పాలాయన "నిద్దట్లోనే వెళ్ళిపోయేరండి, అదృష్టవంతులు" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. ఏడుపు వెనకాలే పాత కోపమూ వచ్చింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మంచి చాలా ఉంది, చెబుతాను. మిగిలింది కూడా చెబుతాను.

రాజోలు దగ్గర ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో నా పేరు ఎవరికీ తెలియదు. ఫలానావారి రెండో కోడలిని, అంతే. ఆవిడ మిషన్ బడిలో టీచరు, మాకు పక్కిల్లు. ఓరోజు గోడ మీంచి చూసి, "ఇంటినిండా కొబ్బరి నూనె పెట్టుకుని కొట్టు సబ్బు కొంటావేంటమ్మాయ్? రా, నేర్పుతాను" అన్నారు. ఈ ఊళ్ళో నన్ను ఆప్యాయంగా పిలిచిన మొదటి మనిషి ఆవిడే.

మొదటిరోజు సత్తు గిన్నె పట్టుకెళ్ళాను. "కాస్టిక్ సోడా పడితే బుసబుసా పొంగి నల్లబడిపోద్ది. మట్టికుండ తే" అని నవ్వారు. ముక్కుకి కొంగు కట్టించి, పెరట్లో గాలివాటు చూసి నిలబెట్టారు. "నీళ్ళల్లో సోడా వెయ్యాలి గానీ సోడా మీద నీళ్ళు పొయ్యకూడదు. కోపిష్టోడి దగ్గరికి మనం వెళ్ళకూడదమ్మా, ఆడే మెల్లిగా రావాలి" అనేవారు. ఆ నీళ్ళు చల్లారాక నూనెలో పోసి తెడ్డుతో కలిపేవాళ్ళం. తెడ్డు గీసిన గీత చెరగకుండా నిలబడితే సబ్బు కుదిరినట్టే.

కొబ్బరిచిప్పల్లో, సెగ చూపించిన అరటాకు పరిచి అందులో పోస్తాం. నేను కంగారులో ఆకుని తిరగేసి పరిచాను. గట్టిపడ్డాక తీస్తే సబ్బు నిండా ఆకు ఈనెల అచ్చు. "అయ్యో, ఇదేంటమ్మాయ్! పుట్టుమచ్చలాగ ఉండిపోద్ది" అని నా నెత్తిన ఒక మొట్టికాయ వేశారు. మాది తాటాకిల్లు, వానొస్తే కారేది. అందుకని నా సబ్బులు కూడా ఆవిడ అటక మీదే ఆరబెట్టారు.

మా చర్చిలో కోత పండక్కి ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి ఇస్తారు. అరటిగెల, కొబ్బరికాయలు, కోడి, ఏదైనా సరే. ఇచ్చినవాళ్ళ పేరు మైకులో చెప్పి వేలం వేస్తారు. నా సబ్బులు ఇస్తానంటే ఆవిడే, "ఇచ్చుకో. నీ పేరు మైకులో వస్తది" అన్నారు. ఆ ఒక్కమాట కోసం ఎంత ఎదురుచూశానో నాకే తెలుసు.

సబ్బు ఆరిందో లేదో ఆవిడ నాలిక చివర ఆనించి చెప్పేవారు. పండగ ముందు వెళితే, "ఇంకా చురుక్కుమంటున్నాయమ్మాయ్. వచ్చే యేడు చూద్దాం" అన్నారు. నమ్మాను. ఆవిడ నాలికని నమ్మకపోతే ఇంక ఎవర్ని నమ్మాలి?

పండగరోజు బల్ల మీద ఈనెల అచ్చుతో నా సబ్బులు వరసగా ఉన్నాయి. "టీచరమ్మ గారి చేతి సబ్బులండీ!" అని మైకు. ఆవిడవి ఆ యేడు కుదరక నూనె కక్కేశాయట. పెంటకుప్ప మీద తరవాత నేనే చూశాను.

భోజనాల దగ్గర ధైర్యం చేసి అడిగాను. "అవి నావి కదండీ?"

"దేవుడికి ఇచ్చేసేక నీదేంటి, నాదేంటి అమ్మాయ్?" అని నా ఆకులో ఇంకొంచెం కూర వేశారు.

నా ఒళ్ళు మండిపోయింది. దేవుడికి పేరక్కర్లేదు, నిజమే. మరి ఆవిడకెందుకు కావలసి వచ్చింది? అంతటితో పోలేదు. మర్నాటి నించి ఆవిడే ఆకు తిరగేసి పరవడం మొదలుపెట్టారు. తాటిపాకలో ఆయిలు కంపెనీవాళ్ళ ఇళ్ళ నించి కూడా ఈనెల సబ్బు కోసం ఆవిడ గుమ్మానికే వచ్చేవారు. నా తప్పు ఆవిడ సబ్బుకి గుర్తయిపోయింది.

నా కూతురికి ఫిట్స్ వస్తే ఒళ్ళో పెట్టుకుని, రిక్షాలో రాజోలు ఆసుపత్రికి తీసుకెళ్ళింది కూడా ఆవిడే. ఆ ఋణం మరిచిపోలేదు. ఇదీ మరిచిపోలేదు. ఏదో ఒకరోజు "అవి నీవే అమ్మాయ్" అంటారని ఇన్నేళ్ళూ చూశాను. ఆ ఒక్కమాటా అనకుండానే వెళ్ళిపోయారు.

సమాధి చేసి వచ్చాక, ఆవిడ పెరట్లో నూతి దగ్గర చేతులు కడుక్కోవడానికి వరసలో నిలబడ్డాం. గట్టు మీద ఆవిడ సబ్బే పెట్టారు. ముందున్నామె నా చేతికి అందిస్తూ, "టీచరమ్మ గారి సబ్బండి. ఇంకెక్కడ దొరుకుద్దండి" అంది.

"ఆయ్" అన్నాను.

అప్పటికే అందరి చేతుల్లో అరిగి ఈనెలు చాలావరకు పోయాయి. మిగిలిన ఒక్క గీత నా బొటనవేలి కింద మెల్లిగా కరుగుతోంది.