తువ్వాల కింద తేలిన మార్కులు

మా కొత్తకోట బజారులో ఒక చెడ్డ నిర్ణయాన్ని ఇంత చవకగా కొన్నవాడు నేను తప్ప ఇంకొకడు లేడు. ఇరవై రెండు వేలు చెప్పిన టీవీని రెండు గంటలు కూర్చుని పదిహేడు వేలకు దింపాను. గోడకు బిగించే ఇనుప చట్రం, ఒక ఇస్త్రీపెట్టె ఊరికే ఇప్పించుకున్నాను. అమ్మినవాడు చివరికి "నీకో దండం సేటూ, తీస్కపో" అన్నాడు. తాళ్లు, తౌడు, గడ్డ ఉప్పు అమ్మే కొట్టులో టీవీ ఎందుకన్న మాట మాత్రం ఆ రెండు గంటల్లో మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

నా లెక్క నాకుంది. కొట్లలో పుట్టి పెరిగినవాణ్ణి. గిరాకీ ఎంతసేపు నిలబడితే అంత కొంటుందని మా బాపు నాకు అక్షరాల కంటే ముందు నేర్పాడు. పెబ్బేరు సంత నుంచి తిరిగొచ్చే గొర్రెల కాపరులు శనివారం మధ్యాహ్నం మా కొట్టు దగ్గర ఆగుతారు. సరిగ్గా ఆ వేళకే ఒక ఛానెల్‌లో తెలుగు మాటలు అతికించిన అంతరిక్షం సీరియల్ వచ్చేది. భూమి పాడైపోతే ఊరంత ఓడలో వేలమంది జనం ఇంకో నేలను వెతుక్కుంటూ ఏళ్ల తరబడి పోతుంటారు. నాలుగు వారాలు తిరిగేసరికి మా తౌడు బస్తాల మీద కూర్చోవడానికి జాగా లేదు. కొనడం మాత్రం ఎవరికీ గుర్తు రావడం లేదు.

ఏటా ఎండాకాలం మందలు తోలుకుని మేతకోసం కృష్ణ ఒడ్డుకు పోయేవాళ్లు వాళ్లంతా. దూర ప్రయాణం గురించి వాళ్లకు చెప్పగలిగే సీరియల్ ఇంకా పుట్టలేదు.

"పొద్దుమూకినంక ఒక్కనాడన్న తలలు లెక్కవెట్టిండా గా కెప్టెను?" అనేవాడొకడు.

"అందరు ముందటి అద్దం కాడనే నిలవడ్డరు. ఎన్క ఎవడు సూస్తడు?"

"ఓడల కుక్క లేదు. గంత దూరం కుక్క లేకుంట ఎవడన్న పోతడా?"

కుక్క విషయంలో భేదాభిప్రాయం లేదు. గొడవంతా సీరియల్ రెండో భాగంతో వచ్చింది. తిండి చాలక కెప్టెన్ ఓడను రెండు ముక్కలు చేసి, చెరో దిక్కుకు పంపాడు. ఆ శనివారం నుంచి మా కొట్టు కూడా రెండు ముక్కలే.

నా ఖాతాదారుల్లో అందరికంటే పెద్దవాళ్లు ఇద్దరు అన్నదమ్ములు. తండ్రి పోయినా మందను పంచుకోలేదు. మూడు వందల గొర్రెలు, ఒకటే దొడ్డి. అన్న మొదటి భాగం పక్షం, తమ్ముడు రెండో భాగం పక్షం.

"మొదటిది బంగారం, రెండోది పెంట," అన్నాడు అన్న. "మందను చీల్చినోడు కెప్టెనెట్లయితడు? కత రాసెటోనికి తోవ దొరక్క ఓడను కోసిండు."

"నీకు సమజ్ గాలే అన్నా. అసలు కత గిప్పుడే షురువైంది. మేత చాలనప్పుడు ఒక్కతాన ఉండి సచ్చుడేంది? మనం గూడ గట్లనే జేద్దాం. సోమవారం నువ్వు కృష్ణ ఒడ్డుకు పో. నేను నా సగం తోలుకొని నల్లమల దిక్కు పోత."

టీవీలో సబ్బు ప్రకటన వస్తోంది.

"బాపు పోయినంక ఇడగొట్టని మంద," అన్నాడు అన్న మెల్లగా, "టీవీ సూసి ఇడగొడ్తవారా?"

అక్కడ నోరు మూసుకుని తౌడు తూచుకోవాలి. నేను భుజం మీది తువ్వాల తీశాను.

మా వైపు సంతలో గొర్రెల ధర నోటితో చెప్పుకోరు. మధ్యవర్తి తువ్వాల కప్పి, దాని కింద అమ్మేవాడి వేళ్లు ఒకసారి, కొనేవాడి వేళ్లు ఒకసారి పట్టుకుంటాడు. ఎన్ని వేళ్లు నొక్కితే అంత. చుట్టూ ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు. "రెండో భాగానికి పదికి ఎన్ని మార్కులో ఇద్దరూ ఒక్క మాట మీదికొస్తే మంద ఒక్కటిగా పోవాలె. రాకపోతే మీ ఇష్టం," అన్నాను. నవ్వుతారనుకున్నాను. ఇద్దరూ చేతులు తుడుచుకుని ముందుకొచ్చారు.

అన్న పిడికిలి మూసి పెట్టాడు. సున్నా. తమ్ముడు అయిదు వేళ్లూ రెండుసార్లు నొక్కాడు. పది. నేను మళ్లీ అన్న చెయ్యి పట్టుకుని, తమ్ముడు ఏడుకు దిగాడని నొక్కి చెప్పాను. నిజానికి తమ్ముడు దిగలేదు. తమ్ముడి దగ్గరికి వెళ్లి, అన్న అయిదుకు ఎక్కాడని చెప్పాను. నిజానికి అన్నా ఎక్కలేదు. ఇద్దరి ముఖాలూ కొంచెం మెత్తబడ్డాయి. మూడో విడతకు ఆరు దగ్గర ఇద్దరి వేళ్లూ ఆగాయి. తువ్వాల దులిపాను. అన్న తమ్ముడికి బీడీ అందించాడు.

అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? మధ్యవర్తి తువ్వాల కింది సంగతి చచ్చేదాకా బయటపెట్టకూడదన్నది సంతలో మొదటి నియమం. నాకేమో అంత గొప్ప బేరం ఎవరూ చూడకుండా పోయిందన్న బాధ. "ఇద్దరిలో ఒక్కరూ తమంతట తాము ఒక్క మార్కు కదల్లే. కదిలించింది నేను!" అని బస్తాల మీద ఉన్న జనానికంతా చెప్పేశాను.

తమ్ముడు బీడీ నోట్లోంచి తీశాడు. "అన్నా, నువ్వు అయిదు అనలేదా?"

"నేనెప్పుడన్నరా? నువ్వు ఏడు అన్నవని ఈయన నొక్కిండు."

"సేటూ, ఏందే గిది?"

"మంచికే చేసిన తమ్మీ."

"మంచికే చేసిండట!" అన్నాడు అన్న. "గొర్లు అమ్మినప్పుడు గూడ మనకు గిట్లనే నొక్కుతున్నరు గావచ్చురా ఈ నడిమిటోళ్లు."

తమ్ముడు బీడీ కింద పడేసి నలిపాడు. "మందను రెండు జేస్తే నీకో ధర, నాకో ధర జెప్తరన్నా. ఇద్దరం నిలవడి ఉంటెనే గింత మోసం జేసిండు. పా, ఒక్కతాననే పోదాం."

ఇద్దరూ లేచారు. రోడ్డు దాటి ఎదురు కొట్టులో తాళ్లు, ఉప్పు, తౌడు కొన్నారు. ఆ కొట్టువాడు అడిగిన ధరకే కొన్నారు, నాకు కనపడేటట్టు. వాళ్ల వెనక వాళ్ల చుట్టాలు, చుట్టాల వెనక ఊరివాళ్లు. సోమవారం పొద్దున మూడు వందల గొర్రెలు ఒక్క మందగా మా కొట్టు ముందు నుంచే దక్షిణానికి పోయాయి. ముందు అన్న, వెనక తమ్ముడు, పక్కన కుక్క. ఇద్దరూ నా వైపు చూడలేదు.

ఇక లెక్క. టీవీకి పదిహేడు వేలు. దాని ముందు కూర్చున్నవాళ్లకు తాగించిన చాయలు నేను రాసుకోలేదు, రాసుకుంటే ఇంట్లో గొడవ. పోయిన ఖాతాలు పదకొండు. మిగిలింది చీలని మంద ఒకటి. అందులో నాది ఒక్క గొర్రె కూడా లేదు. వాళ్లకోసం తెప్పించి పెట్టిన నలభై బస్తాల తౌడు పురుగు పట్టేలోపు ఎదురు కొట్టువాడికే అమ్మాను. కొన్నదానికంటే బస్తాకు ముప్పై రూపాయలు తక్కువకు. వాడు నోటితోనే బేరమాడాడు.