తడిగుడ్డ

కిట్వే నగర శివారు పేటలో కరెంటు రోజుకు మూడు గంటలే ఉండేది. రాగానే ఇంటింటా కరెంటు పొయ్యి వెలిగేది, చిక్కుడు గింజలు ఉడికేదాకా ఎవరూ ఆపేవారు కారు. గోడ ప్లగ్గు నుంచి పొయ్యికి వచ్చే తీగ వేడెక్కితే చల్లబడాలని దానికి తడిగుడ్డ చుట్టేవారు. బెస్నాటి పెద్దకూతురు చోలా అలా చుడుతూనే కరెంటు కొట్టి చనిపోయింది. తల్లిని పెద్దబిడ్డ పేరుతో పిలవడం అక్కడి మర్యాద కాబట్టి బెస్నాటి ఇప్పటికీ అందరికీ చోలా అమ్మే.

ఆ మధ్యాహ్నం పక్కగదిలోంచి రబ్బరు కాలిన వాసన వచ్చింది. బెస్నాటి వెళ్లేసరికి అక్కడ అద్దెకుండే అమ్మాయి మ్వెన్యా బకెట్లో గుడ్డ తడుపుతోంది.

"గుడ్డ అవతల పెట్టమ్మా. ముందు గోడ దగ్గర స్విచ్ ఆపు."

"ఇంకో గంటలో కరెంటు పోతుంది చోలా అమ్మా. పచ్చి గింజలు మీరు తింటారా?"

"తింటాను. ఆపు."

మ్వెన్యా కదల్లేదు. బెస్నాటే పొడిచేత్తో స్విచ్ ఆపింది. తీగ చల్లారాక ప్లగ్గు తీసి చూపించింది. ప్లగ్గు నల్లబడింది. తీగ తొడుగు కరిగి లోపలి రాగి బయటపడింది.

"ఈ పొయ్యికి ఇంత సన్నతీగ ఆగదు. లావుది వేయించేదాకా పెట్టకు."

మ్వెన్యా చేతిలోని గుడ్డ నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. "మా అమ్మ ఇలాగే నేర్పింది," అంది మెల్లగా.

"చోలాకు నేర్పింది నేనే," అంది బెస్నాటి. తన బొగ్గుల కుంపటి తేవడానికి బయటికి వెళ్లింది.