గారు లేని ఉత్తరాలు

పాండూరు దామోదరానికి కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు గానీ, అది అన్యాయం. కరెంటు పోయినా, తన మడికి రావలసిన నీళ్లు పక్కవాడు మళ్లించుకున్నా ఆయన నోరెత్తడు. పేరు పక్కన 'గారు' లేకపోతే మాత్రం ఆ మనిషి మొహం మళ్లీ చూడడు.

ఈ జబ్బు అంటుకుని మూడేళ్లయింది. తమిళుల ఆడి నెలలో పెరియపాళయం అమ్మవారి గుడికి వచ్చే జనానికి ఆయనా, ఆయన భార్య అన్న శివరామయ్యా కలిసి ఇరవై ఏళ్లు రాగి అంబలి పోశారు. ఆ ఏడు శివరామయ్య మైకు పట్టుకుని, "ఒరేయ్ దామోదరం, అంబట్లో ఉప్పెయ్యడం మరిచిపోయినావు కదరా!" అని అరిచాడు. వరసలో ఉన్న జనమంతా గొల్లుమన్నారు. ఉప్పు మరిచిన మాట నిజమే. దామోదరం గరిటె అక్కడే పడేసి బస్సెక్కాడు. అప్పటి నుంచి బావతో మాటల్లేవు, అంబలి ఒక్కడే పోస్తున్నాడు.

కోడలు జననికి కాట్టుపల్లిలో ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. ఆయన ఫోనులో ఈమెయిల్ పెట్టిచ్చి, పనికిమాలిన ఉత్తరాలొస్తే 'జంక్' అన్నచోట నొక్కమని చెప్పింది. చెప్పి తప్పు చేసింది. 'డియర్ దామోదరం' అని మొదలైన ప్రతి ఉత్తరాన్నీ, ఎవరిదైనా సరే, ఆయన రెండో ముక్క చదవకుండా జంకులోకి నెట్టాడు. కొన్నాళ్లకు ఫోను కూడా ఆయన గుణం పట్టేసి, ఆయన నొక్కకముందే తానే నెట్టడం మొదలుపెట్టింది.

ఈ ఏడు అంబలి పందిళ్లకు అనుమతులు ఈమెయిల్లోనే వస్తాయన్నారు గుడి నిర్వాహకులు. ఆదివారం సాయంత్రం ఐదులోగా ఒప్పుకుంటూ జవాబివ్వాలి, లేదంటే ఆ స్థలం వేరేవాళ్లకు పోతుంది. బస్సులు ఆగే మలుపులో వేపచెట్టు నీడ దామోదరం స్థలం. పందిళ్లు వేసే అందరికీ ఉత్తరాలొచ్చాయి, ఆయనకే రాలేదు. ఆదివారం మధ్యాహ్నం ఆయనకు అన్నం సయించలేదు.

"రాగులు కూడా ఆడించి పెట్టినానే! ఎవుడో నా మీద పగబట్టినాడమ్మా," అన్నాడు కోడలితో.

"జంకులో చూసినారా మామా?"

"దాంట్లో ఉండేదంతా మరియాద తెలీనోళ్లే కదా!"

జనని తెరిచి చూసింది. రెండు వందల పద్నాలుగు ఉత్తరాలు. పైనుంచి నాలుగోదే అనుమతి పత్రం. అదీ 'డియర్ దామోదరం' అనే మొదలైంది.

"'జంక్ కాదు' అని ఉండాది చూడండి, దాన్ని నొక్కండి. అట్నే ఈ అడ్రసును కాంటాక్టుల్లో చేర్చుకోండి. ఇంక వాళ్ల ఉత్తరాలు దీంట్లోకి పోవు."

టైము నాలుగున్నర. ఆయన వేలు కదల్లేదు. "గారు లేదే..." అని గొణిగాడు.

వంటింట్లోంచి భార్య రంగనాయకమ్మ వచ్చింది. "ముప్పై ఏండ్లుగా నేను నిన్ను 'ఏమయ్యా' అనే కదా పిలస్తా ఉండాను. మరి నన్ను యాడ ఏసినావు, జంకులోనేనా?"

జనని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దామోదరం గబుక్కున నొక్కేశాడు. ఐదుకు పది నిమిషాలుండగా జవాబు వెళ్లింది, వేపచెట్టు దక్కింది.

ఇంకా ఏమేం తోసేశానోనని ఆయన కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. ఒకచోట ఆగిపోయాడు. ఆ ఉత్తరం తెలుగులో ఉంది.

'దామోదరం, ఈ ఏడు నన్నూ రానిస్తావా? ఉప్పు సంగతి నువ్వే చూసుకో. నేను మైకు ముట్టను. శివరామయ్య.'

వచ్చి మూడు వారాలయింది. మూడు వారాలుగా బావ జవాబు కోసం చూస్తూనే ఉండుంటాడు. దామోదరానికి సిగ్గేసింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే 'జంక్ కాదు' నొక్కి, అడ్రసు చేర్చుకుని, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ జవాబు రాశాడు.

'బావా, ఉప్పు నువ్వే ఎత్తుకొని రా. నేను మళ్లా మరిచిపోతాను.'