ఆషాఢం దాటేదాకా

అరవైల మొదట్లో నేను నెల్లూరులో జీవిత బీమా సంస్థ ఫీల్డాఫీసర్ని. పేరుకు ఆఫీసర్నే గానీ, నా ఉద్యోగం నిలబడేది నా కింది ఏజెంట్లు తెచ్చే పాలసీల మీద. ఆ ఏజెంట్లేమో వచ్చినంత వేగంగా పోయేవాళ్లు. బావమరిదికొకటి, పినతండ్రికొకటి కట్టించి, చుట్టాలు అయిపోగానే చతికిలబడేవాళ్లు.

అందుకే ఈసారి ఒక్కణ్ణే పట్టుకుని తయారుచేద్దామనుకున్నాను. కృష్ణపట్నం దగ్గర ఉప్పు కొటార్లలో మేస్త్రీగా చేసి, ఆ పని పోయి ఖాళీగా ఉన్న మనిషి. ముగ్గురు పిల్లలు. ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే కుటుంబం. ఆరు నెలలు బియ్యం ఖర్చు నా జేబులోంచి ఇస్తానన్నాను. “ఎవరికోసం ఈ దానధర్మాలు?” అని మా ఆవిడ దెప్పింది. దానం కాదు, నా ప్రమోషనుకు పెట్టుబడి అని నాకు తెలుసు.

ఊరూరా వెంట తిప్పుకున్నాను. గుమ్మంలో అడుగుపెట్టగానే చావు మాట ఎత్తకూడదనీ, ఆడవాళ్ల ముందు ‘పిల్లల చదువుకు’ అనే చెప్పాలనీ నేర్పాను. అన్నీ ఇట్టే పట్టుకున్నాడు. ఒక్క దగ్గర మాత్రం అడ్డం తిరిగాడు. అమావాస్య అనీ, ఆషాఢం అనీ రైతులు కాగితాలు ఆపమంటే అతనికి మింగుడు పడేది కాదు.

“మాకు అన్ని రోజులూ దేవుడివే గదన్నా. సంతకం పెట్టినాక ఆపేదెందుకు?” అన్నాడు.

“నీ నమ్మకం నీ ఇంట్లో పెట్టుకో. మంచిరోజు చూడమంటే చూడాల్సిందే. వాళ్ల మాట కాదంటే ఆ ఊళ్లో మళ్లీ మనకు మంచినీళ్లు కూడా పుట్టవు” అని కసిరాను.

ఇంకో రెండ్రోజుల్లో ఆషాఢం పడుతుందనగా చిట్టమూరు వైపు ఒక రైతు ఒప్పుకున్నాడు. డాక్టరు పరీక్ష అయింది, సంతకమూ అయింది. భార్య చూస్తుండగానే మొదటి ప్రీమియం చేతికిచ్చి, “శ్రావణం రానీ నాయనా, అప్పుడు పంపు” అన్నాడు. మావాడు నేను నేర్పినట్టే తలూపి, అన్నీ తెచ్చి పెట్టెలో దాచాడు. శ్రావణం ఇంకా వారం ఉందనగా ఆ రైతు నారుమడి గట్టు మీద పాము కరిచి చనిపోయాడు.

కాగితాలే రానప్పుడు పాలసీ ఎక్కడిదని ఆఫీసువాళ్లు తేల్చేశారు. వెంటనే పంపి ఉంటే పదిహేను రోజుల్లో ఆమోదం వచ్చేది. ఆ ప్రీమియం డబ్బు తిరిగివ్వడానికి అతను ఒక్కడే వెళ్లాడు. నాకు మొహం చెల్లలేదు. ప్రీమియం సొంతానికి వాడుకున్నాడని ఊరివాళ్లు అరుగు మీద కూర్చోబెట్టి సాయంత్రం దాకా కదలనివ్వలేదట. ఆ ఇల్లాలు తిట్టలేదట. “ఆయన నీ చేతికిచ్చింది నేను కళ్లారా చూసినా గదా” అని మాత్రం పదేపదే అందట.

ఆఫీసు నన్ను సంజాయిషీ అడిగింది. ‘వసూలైన రోజే పంపమని స్పష్టంగా చెప్పాను, అతను నా మాట వినలేదు’ అని రాసిచ్చాను. రాసేటప్పుడు ఒక్క మాట కూడా కొట్టేసి మళ్లీ రాయలేదు. అదే నాకు ఇప్పటికీ సిగ్గు. అతని ఏజెన్సీ రద్దయింది.

మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. నిలదీస్తాడనుకున్నాను. ఏవేవో సాకులు మొదలుపెట్టాను.

“నన్ను గూడా అడిగినారన్నా. మీరు పంపమన్నా నేనే ఆపినానని రాసిచ్చినాను. ఇద్దరి పనీ పోతే ఏం లాభం?” అన్నాడు.

వీధిలో ఎవరైనా చూస్తారేమోనని నేను గుమ్మానికి అడ్డంగా నిలబడే ఉన్నాను. లోపలికి రమ్మని కూడా అనలేదు.