పెద్దనర్సమ్మ గొంతులో పిల్లాడు

ఆవిడ బస్సెక్కితే చాలు, కాళ్లు బారజాపుకుని కూర్చున్న మగాళ్లు గబుక్కున సర్దుకునేవాళ్లు. నిజానికి ఆవిడ ఎవర్నీ పల్లెత్తు మాట అనేది కాదు. అనేదంతా సినిమాల్లోనే. ఆసుపత్రి కథతో వరసగా వచ్చిన నవ్వుల సినిమాల్లో ఆవిడది పెద్దనర్సు వేషం. పొడగరి మనిషి, వెడల్పాటి భుజాలు, ఎవరివైపు చూసినా ఇప్పుడే సూది గుచ్చుతుందేమో అనిపించే చూపు. మొదటి సినిమా ఆడాక ఆవిడ అసలు పేరు జనం మర్చిపోయారు. దర్జీ పని చేసుకునే మొగుడు కూడా, “పెద్దనర్సమ్మా, నా కత్తెర ఎక్కడ పెట్టావే?” అని అరిచేవాడు.

పెళ్లికాక ముందు ఆవిడ ఒక లారీ ఆఫీసులో ఫోన్లెత్తే ఉద్యోగం చేసింది. సరుకు ఆలస్యమైందని నిప్పులు కక్కే వ్యాపారులు ఆవిడ గొంతు వినగానే చల్లబడిపోయేవాళ్లట. అక్కడినుంచి నాటకాలకి, నాటకాలనుంచి సినిమాలకి వచ్చింది.

రెండో భాగం కూడా బాగా ఆడేసరికి, సినిమా తీసిన వాళ్లే టీవీకి ఒక బొమ్మల సీరియల్ మొదలుపెట్టారు. ఒక ఇల్లు, అందులో అమ్మా నాన్నా పిల్లలూ, ఒక బామ్మ, ఒక కుక్క. గొంతులకి కొత్తవాళ్లని ఎక్కడ వెతుకుతాం, ఉన్నవాళ్లతోనే కానిద్దాం అనుకున్నారు. అలా సినిమాలో పెద్ద డాక్టరు వేసినాయన కుక్కకి గొంతిచ్చాడు. అంబులెన్సు డ్రైవరు బామ్మ అయ్యాడు. పెద్దనర్సమ్మ వంతుకి ఇంట్లో ఎనిమిదేళ్ల అల్లరి పిల్లాడు వచ్చాడు.

ఆవిడకి ఒళ్లు మండింది. “ఈ ఒడ్డూ పొడుగూ చూసి పిల్లాణ్ణి అంటగడతారా నాకు?”

రికార్డింగు చూసే సౌండాయన నెమ్మదస్తుడు. “అమ్మా, మొన్న షూటింగులో ఫోన్లో మీ ఆయన్ని కొత్త చెప్పులు కొనిపెట్టమని గారాలు పోయారు కదా. పక్కనే ఉండి విన్నాను. నాకు ఆ గొంతే కావాలి.”

ఆవిడ సిగ్గుపడి డైలాగు కాగితాలు అందుకుంది. మర్నాడు మైకు దగ్గర గలగలమంటాయని గాజులు తీసి సంచీలో వేసుకుని, అద్దం వెనక చిన్న గదిలో మునివేళ్ల మీద నిలబడి, “నాన్నా, నేను కాదు, కుక్కే పగలగొట్టింది!” అంది. సౌండాయన కుర్చీలోంచి లేచి దణ్ణం పెట్టాడు.

ఆ పిల్లాడికి నాన్నగా గొంతిచ్చింది రోగిష్టాయన. సినిమాల్లో ఆయన ఎప్పటికీ ఇంటికెళ్లని రోగి. పొమ్మన్నప్పుడల్లా కొత్త జబ్బు పుట్టించుకుంటాడు. చిన్న మనిషి, సన్నగా రివటలా ఉంటాడు. చెవులు మాత్రం మరొకరివి తెచ్చి అతికించినట్టు ఇంతింత. సినిమాలో ఆవిడ్ని చూసి గడగడ వణికేవాడా, రికార్డింగు గదిలోకి రాగానే ఛాతీ విరుచుకుని, “ఒరేయ్ వెధవా, ఇలా రా!” అని గర్జించేవాడు. “అక్కడ నువ్వు పొడిచిన సూదులన్నిటికీ ఇక్కడ కసి తీర్చుకుంటున్నా చెల్లెమ్మా” అనేవాడు. ఆవిడ ఆయన్ని అన్నయ్యా అనేది, ఆయన భార్యని వదినా అనేది. రెండు ఇళ్ల మధ్య రాకపోకలుండేవి. రోగిష్టాయన చొక్కాలన్నీ దర్జీ మొగుడు కుట్టినవే.

నాలుగో భాగం షూటింగులో తేడా వచ్చింది. రోగిష్టాయన మంచం మీద పడుకుని తన బాధలు ఏకరువు పెట్టాలి. కెమెరా తిరిగింది. ఆయన నోరు తెరిచాడు, మాట రాలేదు. కిసుక్కున నవ్వి, “ఆకలేసి డైలాగు మింగేశానయ్యా” అన్నాడు. అందరూ నవ్వారు. రెండోసారీ అదే. మూడోసారి ఎవరూ నవ్వలేదు.

టీ విరామంలో ఆవిడ వెతికితే, సెట్టు గోడ వెనక స్ట్రెచరు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చేతిలో డైలాగు కాగితం చెమటకి మెత్తబడిపోయింది.

“పొద్దున ఇంట్లో గడగడా అప్పజెప్పాను చెల్లెమ్మా. కావాలంటే మీ వదినని అడుగు. ఇక్కడికొచ్చేసరికి ఎవరో గుడ్డపెట్టి తుడిచేసినట్టు...”

రికార్డింగు గదిలో ఎప్పుడూ కాగితం చూసి చదవడమే కాబట్టి ఈ సంగతి బయటపడలేదు. ఆవిడ ఆయన్ని ఊరుకోబెట్టి వస్తుంటే, దర్శకుడు మేనేజరుతో అంటున్న మాట చెవిన పడింది. “ఈ పూట చూద్దాం. కుదరకపోతే రేపు ఇంకొకాయన్ని పిలిపించు.”

ఆవిడ టోపీ సరిచేసుకుని వెళ్లి మంచం పక్కన నిలబడింది. కెమెరా తిరగగానే, రోగిష్టాయన నోరు తెరవబోయేలోగా గదమాయించింది.

“నోరు మూయ్! నీ రోగాలు నీకన్నా నాకే బాగా తెలుసు. కడుపులో నొప్పంటావు. అవునా?”

కాగితంలో ఆ మాటలు ఆవిడవి కావు, ఆయనవి. రోగిష్టాయన ఒక్క క్షణం తెల్లబోయి, “అ... అవును సిస్టరమ్మా” అన్నాడు.

“ఎడం పక్కనంటావు.”

“ఎడం పక్కనే.”

“నిన్న కుడిపక్కనన్నావుగా!”

ఇది అసలు ఏ కాగితంలోనూ లేదు. కోపం నటిస్తూ నటిస్తూ నోరు జారింది. ఇప్పుడేం చెబుతాడోనని ఆవిడకే భయమేసింది. రోగిష్టాయన కళ్లు చికిలించి ఆవిడకేసి చూశాడు. పాత మెరుపు ఎక్కణ్ణించో తిరిగొచ్చింది.

“రాత్రి ఇటు తిరిగి పడుకున్నాను సిస్టరమ్మా. జారిపోయింది.”

లైటు పట్టుకున్నవాడు పొట్ట పట్టుకుని కింద కూలబడ్డాడు. దర్శకుడు కట్ చెప్పడం మర్చిపోయాడు.

తర్వాత రోగిష్టాయన ఆవిడ చెయ్యి పట్టుకుని, “కావాలనే చేశావు కదూ?” అన్నాడు.

“అయ్యో, నాకే డైలాగు గుర్తురాక ఏదో వాగాను అన్నయ్యా. పోనీలే, నువ్వు కాపాడావు.”

సాయంత్రం దర్శకుడు ఆవిడ్ని పక్కకి పిలిచాడు. “అమ్మా, రేపు కూడా మీకు డైలాగు గుర్తురాదా?”

“వయసు మీద పడింది బాబూ. ఇక ఎప్పుడూ గుర్తురాదేమో.”

“మంచిదమ్మా. అలాగే కానివ్వండి” అన్నాడతను. సినిమా అంతా అలాగే కానిచ్చారు. ఇంకొకాయన ఎవరో, రానేలేదు. సినిమా వచ్చాక వీధుల్లో ఎవరిదైనా ఏదైనా పోతే చాలు, “అటు తిరిగి పడుకున్నావా? జారిపోయిందా?” అని ఆటపట్టించుకునేవాళ్లు.

రోగిష్టాయన్ని డాక్టర్లు చూసి, మతిమరుపు జబ్బే, ముందుముందు పెరుగుతుందన్నారు. ఐదో భాగంలో కొత్త రోగిని పెట్టారు. కుర్రాడు మంచివాడే, బాగానే చేశాడు. ఇంటికొచ్చి ఆవిడ మొగుడితో, “వాడికి సూది గుచ్చాలంటే చెయ్యే రావట్లేదయ్యా” అంది.

బొమ్మల సీరియల్లో మాత్రం నాన్న మారలేదు. అక్షరాలు అలుక్కుపోతున్నాయని రోగిష్టాయన కాగితం పక్కన పెట్టేసిన నాడు, ఆవిడ ఆయన పక్కన నిలబడి ఒక్కో వాక్యం మెల్లగా అందించడం మొదలుపెట్టింది. ఆయన దాన్నే నాన్న గొంతుతో తిరిగి చెప్పేవాడు. సౌండాయన ఓపిగ్గా ఆవిడ మాటలు కత్తిరించి, ఆయనవి మిగిల్చేవాడు. వదిన అద్దానికి అవతల నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

ఆవిడ మామూలు గొంతుతో పలకరిస్తే ఆయన ఒక్కోసారి ఎవరో తెలియనట్టు చూసేవాడు. పిల్లాడి గొంతు వినబడితే మాత్రం నిటారుగా అయ్యేవాడు. ఒకరోజు రెండు సీన్ల మధ్య, ఎవరూ ఏమీ అందించకుండానే, ఆవిడ వైపు తిరిగి, “పొద్దున ఏమైనా తిన్నావురా?” అన్నాడు.

ఆవిడ “తిన్నాను నాన్నా” అంది, పిల్లాడిలాగే.

ఆయన ఇల్లు కదల్లేని స్థితి వచ్చాక నాన్న గొంతు కూడా అంబులెన్సు డ్రైవరే ఇచ్చాడు, బామ్మతోపాటు. పెద్దనర్సమ్మ వీలు దొరికినప్పుడల్లా రోగిష్టాయన ఇంటికెళ్లి, చెప్పులు విప్పుతూనే, “నాన్నా, వచ్చేశా!” అని కేకేసేది. “ఇద్దరూ ఆడపిల్లలే మాకు. ఈ వయసులో కొడుకు పుట్టాడు” అని వదిన నవ్వేది. పక్కింటావిడ ఒకసారి తలుపు తట్టి, “మీ ఇంట్లో ఆ పిల్లాడెవరండీ, మా వాడు ఆడుకోవడానికి పిలవమంటున్నాడు” అని అడిగితే, “వాడు చదువుకుంటున్నాడు” అని చెప్పి వదిన తలుపేసుకుంది.

ఒకనాడు కొత్త చొక్కా ఇవ్వడానికి దర్జీ మొగుడు కూడా వెంట వెళ్లాడు. రోగిష్టాయన అతన్ని ఎగాదిగా చూసి, “ఎవర్రా ఈయన?” అన్నాడు.

“మా మాస్టారు నాన్నా.”

రోగిష్టాయన కంగారుగా కుర్చీ చూపించాడు. “కూర్చోండి మాస్టారూ. మావాడు బడిలో ఎలా ఉంటున్నాడు? దాచకుండా చెప్పండి.”

దర్జీ మొగుడు పెళ్లాం వైపు చూశాడు. పెళ్లాం కళ్లురిమింది. అతను చొక్కా ఒళ్లో పెట్టుకుని, గొంతు సవరించుకుని, తీరిగ్గా అందుకున్నాడు.

“ఏం చెప్పమంటారండీ. ఒక్క మాట వినడు. నేనొకటంటే తాను పదంటాడు. నా కత్తెర తీసి ఎక్కడో పడేస్తాడు. అడిగితే నామీదే విరుచుకుపడతాడు. పొద్దస్తమానం పెత్తనం. కాపురం, అదే, బడి నడపడం చాలా కష్టంగా ఉందండీ...”

రోగిష్టాయన తల పంకిస్తూ, మధ్యమధ్యలో కొడుకుని గుడ్లురిమి చూస్తూ, అంతా శ్రద్ధగా విన్నాడు. వదిన నోట్లో కొంగు కుక్కుకుని వంటగదిలోకి పరిగెత్తింది. పెద్దనర్సమ్మ చేతులు కట్టుకుని, తల వంచుకుని గోడవార నిలబడింది. నవ్వాపుకోలేక ఆ వెడల్పాటి భుజాలు ఊగిపోతున్నాయి.

“ఏడుస్తున్నాడు పాపం” అన్నాడు రోగిష్టాయన, గొంతు తగ్గించి. “ఇక వదిలేయండి మాస్టారూ. మనసు మాత్రం మంచిది మావాడిది.”

“ఆ సంగతి నాకు తెలుసండీ” అన్నాడు దర్జీ మొగుడు.