మల్లయ్య తాత మందులో 393

2022లో, వానలు ముదిరిన రోజుల్లో, మానస ఒక చిన్న డబ్బా పట్టుకుని మా ల్యాబ్‌కు వచ్చింది. హైదరాబాద్‌లో మందుల పరిశోధన చేసేవాళ్లకు మాస్ స్పెక్ట్రోమీటర్ నడిపి పెట్టడం నా ఉద్యోగం. పేరుకే అంత హడావిడి. కలిసిపోయిన పదార్థాలను విడదీసి ఒక్కో అణువు బరువు చెప్పే తరాజు అది. కోరుట్లలో కిరాణా కొట్టు నడిపే మా నాన్న "మా పర్వీన్‌ది గూడ తూచే పనే" అని వచ్చినోళ్లందరికీ చెబుతుంటాడు.

మానసది కథలాపూర్. నాది పక్కనే ఉన్న కోరుట్ల అని తెలిసేదాకా మేడమ్ అంది, తెలిశాక అక్కా అంది. డబ్బాలో ఉన్నది వాళ్ల తాత మల్లయ్య కీళ్లనొప్పులకు ఇచ్చే పొడి. ఆయన కల్లు గీసిన మనిషి. తాటిచెట్లు ఎక్కడం మానేశాక వేర్లు నూరి మందు ఇవ్వడం మొదలుపెట్టాడట.

"సెల్స్‌ల వాపు మస్తు తగ్గిస్తున్నదక్కా. గిండ్ల ఏదో కొత్త మాలిక్యూల్ ఉండాలె" అంది. ఆ పిల్ల పీహెచ్‌డీ ఆశంతా ఆ డబ్బా మీదే ఉంది.

సాంపిల్ ఎక్కించాను. గ్రాఫ్ మీద నిటారుగా లేచే గీతను పీక్ అంటాం. 393 దగ్గర ఒక పీక్ తాటిచెట్టులా లేచింది. ఆ అంకె చూడగానే నాకు డెక్సామెథసోన్ గుర్తొచ్చింది. అది మందుల షాపులో దొరికే స్టెరాయిడ్, ఏ వేరులోనూ పుట్టదు. ముందు నా యంత్రాన్నే అనుమానించాను. పాత సాంపిల్ లోపల అంటుకుని ఉందేమోనని ఉత్త సాల్వెంట్ నడిపి చూశాను. దాన్ని బ్లాంక్ అంటాం. అది శుభ్రంగా వచ్చింది. అసలు డెక్సామెథసోన్ తెచ్చి నడిపితే రెండూ ఒకే సమయానికి బయటికొచ్చాయి, విరగ్గొడితే ఒకేలాంటి ముక్కలయ్యాయి. ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు.

మానసకు చెబితే పీహెచ్‌డీ పోయిందని ఏడుస్తుందనుకున్నాను. ఆ ఊసే ఎత్తలేదు.

"అక్కా, మా నాయినమ్మ రోజు గదే తింటది. నువ్వు అచ్చి చెప్పు. నా మాట మా తాత ఇనడు."

ఆదివారం ఇద్దరం కథలాపూర్ వెళ్లాం. ముసలాయన్ను బాగా దులిపేయాలనే వెళ్లాను. నాయనమ్మ లచ్చవ్వ అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ముఖం గుండ్రంగా ఉబ్బి ఉంది, చేతులు మాత్రం పుల్లల్లా ఉన్నాయి.

"మందు పడ్డంక మా ముసల్ది మంచిగ ఒళ్లు చేసింది, సూడు బిడ్డా" అని మల్లయ్య తాత మురిసిపోయాడు.

"తాతా, వేర్లు నువ్వే తెస్తవా?" అని మెల్లగా అడిగాను.

"గుట్ట ఎక్కుడు బందైంది బిడ్డా, మోకాళ్లు లేస్తలెవ్వు. ఒకాయన బండి మీద పొడి తెచ్చిస్తడు. గది కలిపిన సంది నా మందు గుణం పెరిగింది."

చెప్పాను. ఆ పొడిలో ఎవరో స్టెరాయిడ్ కలిపారని, ముఖం నిండటం ఆరోగ్యం కాదని, లోపల ఎముకలు గుల్లబారతాయని, షుగర్ పెరుగుతుందని. ఆయన విని, లేచి, డబ్బా తీసుకుని మోరీ వైపు నడిచాడు.

"పారబోయకు తాతా! ఒక్కసారిగ ఆపితె గూడ పానం మీదికొస్తది. డాక్టరే మెల్లమెల్లగ తగ్గియ్యాలె."

ఆయన అక్కడే కూలబడ్డాడు. "తింటె తప్పు, ఆపితె తప్పు. నా చేతులతోని ఏం జేశిన బిడ్డా?"

"నొప్పి వోవాలనే పెడితివి గద" అంది లచ్చవ్వ, చిక్కుడుకాయల మీంచి కళ్లెత్తకుండానే. "నన్ను సంపుదామని పెట్టినవా ఏంది?" నాకు ఏడుపొచ్చింది.

మర్నాడే ఆమెను జగిత్యాల ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ తర్వాత తాత తన మందు తిన్నవాళ్ల ఇళ్లన్నీ తిరిగాడు, చందుర్తి దాకా. కొందరు తిట్టారట. చాలామంది బీడీలు చేసే ఆడవాళ్లు, నొప్పులకు తాళలేక, ఆ పొడే ఇమ్మని బతిమాలారట. ఇవ్వలేదు. వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లి, వాళ్ల వంతు వచ్చేదాకా పక్కనే కూర్చున్నాడు.

లచ్చవ్వ షుగర్ దారికొచ్చింది. ముఖం ఉబ్బు తగ్గింది, మోకాళ్ల నొప్పి మాత్రం తిరిగొచ్చింది. ఎండాకాలంలో మానస ఇంకో పొట్లం తెచ్చింది. తాత ఎలాగో గుట్టకు పోయి, తానే తవ్వి నూరిన వేరు.

"ఏమన్న ఉంటె చెప్పుమన్నడక్కా. ఏం లేకున్నా చెప్పుమన్నడు."

393 లేదు. మానస పరీక్షిస్తే సెల్స్ మీద పనిచేసే గుణమూ లేదు. తాతకు ఫోన్ నేనే చేసి చెప్పాను.

"మరి మునుపు తగ్గిందన్నోళ్లకు ఎట్ల తగ్గింది బిడ్డా?"

అది నా తరాజు తూచేది కాదు. "నువ్వు కూసోని వాళ్ల గోసంత ఇంటుంటివి గద తాతా" అన్నాను.

"గంతేనా? గట్లయితె ఇప్పుడు గూడ ఇంట" అన్నాడు.

అంతకుముందు, అంకె తేల్చి రిపోర్టు పంపేస్తే నా పని అయిపోయిందనుకునేదాన్ని. ఇప్పుడు ఎవరు సాంపిల్ తెచ్చినా యంత్రం ఆన్ చేయకముందే ఒక మాట అడుగుతాను, ఇది ఎవరైనా తింటున్నారా అని.