బాపు బూటులో నట్టు

గోదావరిఖని బస్టాండు దాటాక ఒక టీ బండాయన ఇప్పటికీ రాక్షసి బొగ్గు మీదే పాలు కాస్తాడు. మొన్న బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆ పచ్చి పొగ ముక్కుకు తగిలింది. పక్కనున్న అమ్మాయి చున్నీ అడ్డం పెట్టుకుంది, నేను మాత్రం సిగ్గు లేకుండా రెండుసార్లు గట్టిగా పీల్చాను. అది మా ఇంటి వాసన.

నా చిన్నప్పుడు మా కార్మికవాడలో సాయంత్రమైతే ప్రతి క్వార్టరు ముందూ, పాత బకెట్టుకు లోపల మట్టి మెత్తి చేసిన బొగ్గుపొయ్యి ఒకటి పొగ కక్కుతుండేది. పొగ చచ్చి బొగ్గు ఎర్రబడేదాకా పొయ్యిని లోపలికి తేకూడదు గనుక, ఆ అరగంటా వాడంతా మబ్బులో మునిగిపోయేది. చలికాలమైతే ఆ మబ్బు కదలకుండా కప్పుల మీదే పడుకునేది, మేము అందులోనే దాగుడుమూతలు ఆడేవాళ్ళం, కళ్ళకు గంతలు కట్టాల్సిన పని లేకుండా. ఇంటికి చేరేసరికి ముక్కులోంచి కాటుక తీయొచ్చు.

మా బాపు, అంటే మా నాన్న, గనిలో తట్టతో బొగ్గెత్తి టబ్బుల్లో నింపే కోల్ ఫిల్లర్. షిఫ్టు దిగి రాగానే గడపలో కూర్చుని కాళ్ళు చాపేవాడు, బూట్లు లాగడం నా డ్యూటీ. బూటు బోర్లిస్తే చారెడు దుమ్ము రాలేది. ఈలోపు మా అమ్మ, మేము అవ్వ అనేవాళ్ళం, నిమ్మకాయంత బెల్లం ముక్క తెచ్చి చేతిలో పెట్టేది. గొంతులో పేరుకున్న బొగ్గుదుమ్ము దిగాలంటే బెల్లం ఒక్కటే దారి అని మా వాడలో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఆ బాపుకు షుగరు తేలింది. దవాఖానలో డాక్టరు తీపి మానమన్నాడు, బీడీ మానమన్నాడు, నూనె తగ్గించమన్నాడు. బాపు బుద్ధిగా ఇంటికొచ్చి, చక్కెర డబ్బా తీసుకెళ్ళి పక్కింటి మల్లయ్య కాకకు దానం చేసి, తన త్యాగం గురించి వాడంతా తిరిగి చెప్పి, అలిసిపోయి వచ్చి బెల్లం టీ తాగాడు.

"బెల్లం తీపి గాదా?" అంది అవ్వ.

"అది దుమ్ముకు పోతది, నెత్తురుకు పోదు" అన్నాడు బాపు.

అలా చాలా వాటిని ఆయన లెక్కలోంచి తీసేశాడు. సద్దుల బతుకమ్మనాడు రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి అవ్వ ముద్దలు కట్టే మలీద ప్రసాదం గనుక అసలు తిండే కాదు. పక్కింట్లో తిన్న గారెల నూనె పక్కింటివాళ్ళ ఖాతా. గనిలోకి దిగేముందు జేబులు వెతికి బీడీ, అగ్గిపెట్టె లోపలికి పోనివ్వరు కదా, ఎనిమిది గంటలు ఉపవాసం ఉన్నవాడు పైకొచ్చి పారణ చేయడా అని ఒకదాని కొసతో ఇంకొకటి అంటించేవాడు.

ఇక కంపెనీ వైద్యపరీక్ష వస్తుందంటే మా వాడంతా మునుల ఆశ్రమమైపోయేది. నాలుగు రోజుల ముందు నుంచి జొన్నరొట్టె, కాకరకాయ, పరగడుపున మెంతుల నీళ్ళు. పరీక్షలో గట్టెక్కి అందరూ అటునుంచి అటే మిర్చీల బండి దగ్గరికి పోయేవారు. పరీక్ష నెగ్గడమే ఆరోగ్యమని మావాళ్ళ గట్టి నమ్మకం. నెగ్గకపోతే గనిలోకి దిగనివ్వరు, దిగనివాడు మా వాడ దృష్టిలో సగం మగవాడు.

ఆ రోజుల్లోనే బాపు పాదాలకు ఒక మహిమ వచ్చింది. పొయ్యిలోంచి జారిపడ్డ నిప్పుకణికను ఆయన వట్టికాలితో పక్కకు నెట్టేవాడు, చుర్రుమనేది కాదు. నేను బడిలో గొప్పలు చెప్పి స్నేహితురాళ్ళను వెంటబెట్టుకొచ్చి చూపించాను. వాళ్ళు నోళ్ళు తెరిచారని బాపు ఇంకోసారి నెట్టి చూపించాడు. నేనంత గర్వపడ్డ రోజు మళ్ళీ లేదు.

ఒక మధ్యాహ్నం బూటు బోర్లిస్తే దుమ్ముతోపాటు బొటనవేలంత ఇనుప నట్టు టంగుమని పడింది. దాని వెనకే ఎర్రగా తడిసిన మేజోడు. చిటికెనవేలి కింద మాంసం కనిపిస్తోంది. బాపు కాలు వైపు చూడనే లేదు, నట్టును తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"గీ నట్టు కోసమే మా సర్దారు పొద్దటిసంది దేవులాడిండు" అన్నాడు, ఆ పైమేస్త్రీని తలుచుకుని నవ్వుతూ.

అవ్వ నవ్వలేదు. ఆయన రెక్క పట్టి దవాఖానకు లాక్కుపోయింది, నేనూ వెంటపడ్డాను. డాక్టరు గది ముందు బెంచీ మీద బాపు నన్ను దగ్గరికి పిలిచి చెవిలో ఉపాయం చెప్పాడు. మల్లయ్య కాకకు ఇలాగే చేశారట: కళ్ళు మూసుకోమని, పాదంలో గుండుసూది గుచ్చి, తెలుస్తోందా అని అడుగుతారట. సూది తగిలినప్పుడల్లా నేను దగ్గాలి. దగ్గు వినగానే ఆయన తెలుస్తోందంటాడు, పరీక్ష నెగ్గుతాడు.

మొదటిసారి దగ్గాను. "తెలుస్తంది సార్" అన్నాడు బాపు. రెండోసారీ అంతే. ఆ పిల్లకు జలుబా అని డాక్టరు అవ్వను అడిగాడు. మూడోసారి సూది మడమలో దిగింది, మొనచుట్టూ నెత్తురు చుక్క ఉబికింది. బాపు కళ్ళు మూసుకుని, పెదవుల మీద చిన్న నవ్వుతో, నా దగ్గు కోసం ఎదురుచూస్తున్నాడు. నాకు దగ్గు రాలేదు, ఏడుపొచ్చింది.

డాక్టరు సూది పక్కన పెట్టేశాడు. కోప్పడలేదు. గనిలో గాలి పోయే దారిలో మన్ను పేరుకుంటే లోపలివాడి గతేమిటని అడిగాడు. ఊపిరాడక చస్తాడన్నాడు బాపు. మీ కాళ్ళకు నెత్తురు పోయే దారిలో అదే జరుగుతోంది, బీడీ ఒకవైపు, షుగరు ఒకవైపు మన్ను పోస్తున్నాయి, నొప్పి చెప్పే నరాలూ చచ్చిపోయాయి అన్నాడు డాక్టరు. బాపు వంగి, అప్పుడు మొదటిసారి తన కాలి పుండు వైపు చూశాడు.

చిటికెనవేలు పోయింది, పాదం దక్కింది. ఆయన్ని గని పైన దీపాల గదిలో వేశారు, దిగేవాళ్ళకు టోపీ లైట్లు అందించే పని. బాపు నాతో నెలరోజులు మాట్లాడలేదు. బూట్లు తానే విప్పుకునేవాడు, బెల్లం అడిగేవాడు కాదు, బీడీకట్ట కూడా జేబులో కనిపించేది కాదు. నేను గడప దాకా వెళ్ళి, ఆయన ముఖం చూసి, వెనక్కి వచ్చేసేదాన్ని. నేను దగ్గకపోబట్టే బాపు గని పోయిందని చాలా ఏడ్చాను.

తర్వాత ఒకరోజు షిఫ్టు దిగి వచ్చి, గడపలో కూర్చుని, నన్ను పిలిచి కాలు నా ఒళ్ళో పెట్టాడు.

"సూడు బిడ్డా. నాకు తెలుస్తలేదు."

వేళ్ళ సందులన్నీ వెతికి, ఏం లేదు పో బాపూ అన్నాను. నా పెళ్ళయ్యేదాకా అది నా డ్యూటీ, తర్వాత అవ్వది. చాలా ఏళ్ళకు గుండె ఆగి పోయాడు గానీ, పోయిన రోజు పొద్దున కూడా రెండు పాదాల మీదే బజారుకు నడిచి వెళ్ళొచ్చాడు.

ఇప్పుడు ఆ వాడ లేదు. పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు గని కోసం క్వార్టర్లు కూల్చేశారు, మా గడప ఉన్న చోట పాతాళమంత గొయ్యి. పొయ్యిలు లేవు, తట్టతో బొగ్గెత్తేవాళ్ళు లేరు, దుమ్ముకు బెల్లం తినేవాళ్ళూ లేరు. నాకూ షుగరు వచ్చింది. నడుము వంగదు గనుక స్నానమయ్యాక నేల మీద అద్దం పెట్టి అరికాళ్ళు చూసుకుంటాను. ఏమీ ఉండదు. ఏమీ లేదని నాకు తెలిసినా, ఆ మాట ఎవరైనా పైకి అంటే బాగుండునని రోజూ అనిపిస్తుంది.